భావం పెట్టకుండా చదవడం

నవల రాస్తున్నానని నలుగురికీ చెప్పడం నేను చేసిన పొరపాటు. చచ్చిపోయినవాళ్ళ మాటలు వినపడే ఒకావిడ కథ అని చెప్పడం ఇంకా పెద్ద పొరపాటు. బందరులో మా వీధి వీధంతా ఇప్పుడు "మేడం గారూ, దయ్యాల పుస్తకం ఎందాకా వచ్చిందండీ?" అని అడుగుతోంది. మావారి సంగతి సరే సరి. పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ "ఇవాళ ఎవరొచ్చి మాట్లాడారు?" అంటారు. దయ్యాలు లేవండీ మహానుభావా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. రెండేళ్ళు రాశాను. నూట నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయి ఏడాది దాటింది. ఇంక నావల్ల కాదు. అందుకని ఆ కట్ట అటకెక్కించి, అసలది ఎందుకు మొదలుపెట్టానో ఆ సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

నేను బందరు కోర్టులో ముప్ఫై ఆరేళ్ళు పనిచేశాను. నకళ్ళు ఇచ్చే సెక్షన్. ఫలానా దావాలో ఫలానా సాక్ష్యం నకలు కావాలని జనం అర్జీ పెట్టుకుంటారు. రికార్డు రూంలోంచి ఆ పాత కట్ట తెప్పించి, టైపు చేసి, అసలు కాగితంతో సరిచూసి, ముద్ర వేసి ఇస్తాం. ఆ సరిచూడటం ఇద్దరు మనుషుల పని. రీడరు అసలు కాగితాన్ని పైకి చదవాలి. ఎగ్జామినరు ఎదురుగా కూర్చుని నకలు మీద పెన్సిలు నడిపించుకుంటూ వాక్యానికోసారి "ఊఁ" అనాలి. కామా ఉంటే కామా అని చదవాలి. పేరా మారితే కొత్త పేరా అనాలి. నా గొంతు బాగుంటుందని చేరిన ఏడాదికే నన్ను రీడరు కుర్చీలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా లేవనివ్వలేదు. తర్వాత్తర్వాత జిరాక్సులు వచ్చాయి గానీ సిరా వెలిసిపోయిన చేతిరాత కాగితాలు జిరాక్సులో ఏం పడతాయి? వాటికి మళ్ళీ మేమే దిక్కు.

మా ఎగ్జామినరు గారిది ఇంచుమించు నా వయసే. మొదటిరోజే చెప్పారు. "అమ్మా, మీరు భావం పెట్టి చదువుతున్నారు. పెట్టకండి. భావం పెడితే నా చెవి కథ వెంట పోతుంది. తప్పు దొరకదు." నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన చెప్పింది నిజమే. ఒకసారి నందివాడ వైపు ముసలావిడ ఎవరో భరణం కోసం వేసిన దావాలో ఆవిడ సాక్ష్యం చదువుతూ గొంతు పెంచాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు, సర్వే నంబరు తప్పుపోయింది. ఆ రోజు నుంచీ నేను సైకిలు తొక్కినట్టు ఒకే ఊపులో చదవడం నేర్చుకున్నాను.

చచ్చిపోయినవాళ్ళ మాటలు అన్నది అదే. పొలం దావాలు తరాలు నడుస్తాయి. నకలు కోసం మా దగ్గరికి వచ్చేసరికి ఆ సాక్ష్యం చెప్పినవాళ్ళలో సగం మంది ఉండరు. వాళ్ళు బోనులో నిలబడి "నేను" అని చెప్పిన మాటని నేను నా నోటితో "నేను" అని చదవాలి. నాకు చదువు రాదు. వేలిముద్ర నాదే. మా అన్న నన్ను మోసం చేశాడన్నది వాస్తవం. నేను ఆ గట్టు తవ్వలేదు. రోజుకి పదిమంది పోయినవాళ్ళు నా నోటితో మాట్లాడి వెళ్ళేవారు. సాయంత్రం ఇంటికొస్తే మావారు ఏదైనా అడిగినా పలకబుద్ధయ్యేది కాదు.

ఇంక మా నాన్న గురించి చెప్పాలి. నాన్న దివిసీమలో ఒక ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరు. అవనిగడ్డ దాటి లోపలికి వెళ్తే వస్తుంది మా ఊరు. మా ఇంటి ముందు వసారాయే పోస్టాఫీసు. చదువు రాని ఆడవాళ్ళు ఉత్తరాలు పట్టుకుని అక్కడే కూర్చునేవారు. వాళ్ళకి చదివి పెట్టడం నా పని. అప్పుడు మాత్రం బోలెడంత భావం పెట్టేదాన్ని. "ఓసి నీ నోట్లో పంచదార పొయ్యా, మా వాడు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉందే!" అని ఒకావిడ నా బుగ్గలు పుణికేది. నాన్న రిజిస్టరు రాసుకుంటూ తలెత్తకుండానే నవ్వుకునేవాడు.

నాన్నది ఒక విచిత్రమైన తీరు. అడగందే ఏదీ చెప్పేవాడు కాదు. అడిగితే ఏదీ దాచేవాడు కాదు. నన్ను చూసుకోవడానికి వచ్చిన మొదటి పెళ్ళివారు "అమ్మాయికి వంట వచ్చాండీ?" అని మాటవరసకి అడిగితే "రాదండీ" అన్నాడు. వాళ్ళు కాఫీలు తాగేసి వెళ్ళిపోయారు. అమ్మ ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. "అడిగారు కాబట్టి చెప్పాను, నా తప్పేం ఉంది?" అని నన్ను సాక్ష్యానికి పిలిచాడు. ఉత్తరాల విషయంలో అయితే మరీను. వానకి రోడ్డు తెగిపోయినా సంచి నెత్తిన పెట్టించుకుని తెప్పించేవాడు. మా పోస్టాఫీసులో ఉత్తరం ఒక్కపూట ఆగలేదని చెప్పుకోవడమే ఆయనకి ఉన్న ఒకే ఒక్క గొప్ప.

నాకు ఇరవై ఒకటో ఏట రేడియోలో అనౌన్సర్లు కావాలని పేపర్లో పడింది. చూపించింది నాన్నే. విజయవాడ తీసుకెళ్ళిందీ నాన్నే. బస్సు పులిగడ్డ దాటుతుంటే పేపరు నా చేతికిచ్చి "చదువు, గొంతు వేడెక్కుతుంది" అన్నాడు. బస్సులో అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నా చదివాను. అక్కడ అద్దం గదిలో నాచేత నాలుగు పేజీలు చదివించి, ఎంపికైతే ఉత్తరం వస్తుందన్నారు. రెండు నెలలు గడిచాయి. రాలేదు. మా ఇల్లే పోస్టాఫీసు కదా, ఇంక రాలేదంటే రాలేదనే. నా గొంతు వాళ్ళకి నచ్చలేదనుకున్నాను. మూడేళ్ళకి టైపు పరీక్ష పాసై కోర్టులో చేరాను. పెళ్ళయింది. కూతురు పుట్టింది, పెరిగింది, దానికీ పెళ్ళయింది. నాన్న పోయాడు. లక్షమంది వింటారనుకున్న గొంతుతో ముప్ఫై అయిదేళ్ళు ఒక్క మనిషికి చదివి పెట్టాను. ఆయన వినేది కూడా నన్ను కాదు, కామాలని.

నా రిటైర్మెంటుకి ఏడేళ్ళ ముందు సంగతి. వేసవి, భోజనాలయ్యాయి, ఫ్యాను తిరుగుతోందంటే తిరుగుతోంది. దివిసీమ కోర్టులో ఏనాడో తేలిపోయిన ఇద్దరు అన్నదమ్ముల పొలం దావా కట్ట ఒకటి వచ్చింది. వాళ్ళ పిల్లలు మళ్ళీ కొత్తగా తగాదా పడుతున్నారు, పాత సాక్ష్యాలన్నిటికీ నకళ్ళు కావాలట. ఆ మున్సిఫు గారెవరో సాక్ష్యాలన్నీ తెలుగులోనే చేత్తో రాసుకున్నారు. ఇద్దరు సాక్షులవి చదివాను. మూడో సాక్షి కాగితం తీసి పేరు చదవబోయి ఆగాను. పేరు మా నాన్నది. ఊరు మాది. వృత్తి, బ్రాంచి పోస్టుమాస్టరు.

అప్పుడు గుర్తొచ్చింది. రేడియో వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చిన రెండేళ్ళకి నాన్న ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని సాక్ష్యానికని కోర్టుకి వెళ్ళాడు. ఏదో రిజిస్టరు నోటీసు అందిందా లేదా అన్న పేచీ. తిరిగొచ్చి "అయింది" అన్నాడు, అన్నం వద్దని పడుకున్నాడు. అంతకుమించి నాకు తెలియదు.

"ఊఁ, కానివ్వండి" అన్నారు ఎగ్జామినరు గారు.

చదవడం మొదలుపెట్టాను. నేను ఇరవై ఏళ్ళుగా పోస్టుమాస్టరుగా పనిచేస్తున్నాను. వాది, ప్రతివాది ఇద్దరూ నాకు తెలుసు. సదరు నోటీసు ప్రతివాదికి బట్వాడా అయింది. రసీదు మీద సంతకం ప్రతివాదిదే. నా ఎదుటనే చేశాడు. ఆ మాట తీరు అచ్చంగా నాన్నదే. అడిగినంత వరకే, ముక్కుసూటిగా. నాన్న పోయిన పన్నెండేళ్ళకి ఆయన నా నోట్లో నుంచి మాట్లాడుతుంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నా గొంతు నాకు తెలియకుండానే పైకి లేచింది.

"అమ్మా, భావం పెడుతున్నారు" అన్నారాయన.

"మా నాన్నగారండీ" అన్నాను.

ఆయన పెన్సిలు కింద పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయ్యో, ముందే చెప్పొద్దూ! ఇలా ఇవ్వండి. మిగతాది నేను చదువుతాను. మీరు నకలు చూస్తూ వినండి హాయిగా" అన్నారు. అన్నేళ్ళలో మేము కాగితాలు మార్చుకోవడం అదొక్కసారే. నేను పెన్సిలు పట్టుకున్నాను. ఆయన తన అలవాటు ప్రకారం ఏ భావమూ లేకుండా, మందుల చీటీ చదివినట్టు చదువుకుపోయారు.

"క్రాసు. కొత్త పేరా. మా ఊరికి వచ్చే ఉత్తరాలన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి." క్రాసు అంటే ప్రతివాది వకీలు వేసే ప్రశ్నలు, కాగితం మీద జవాబులే ఉంటాయి.

"ఊఁ" అన్నాను.

"నేను ఉత్తరాలు ఆపివేస్తానని ప్రతివాది చెప్పడం నిజం కాదు."

"ఊఁ."

"నా పెద్ద కుమార్తె పేరున రేడియో వారి నుండి ఉద్యోగపు ఉత్తరం వచ్చిన మాట నిజమే."

పెన్సిలు నకలు మీద ఆ వాక్యం చివరిదాకా వెళ్ళి ఆగింది. అక్షరం తేడా లేదు. "ఊఁ" అన్నాను.

"అది నా ఇంటికి బట్వాడా అయింది. నా కుమార్తె చేతికి నేను ఇవ్వలేదు. ఇతరుల ఉత్తరం ఎన్నడూ ఆపలేదు."

చదివేశాక ఆయనకి అర్థమైంది. కాగితం మీంచి మెల్లగా తలెత్తి "పెద్ద కుమార్తె అంటే..." అన్నారు.

"నేనేనండీ. కానివ్వండి."

ఆయన గొంతు సవరించుకుని కానిచ్చారు. ఆ తర్వాత ప్రశ్న ప్రతివాదికీ నాన్నకీ పాత తగాదాలు ఉన్నాయా అని. లేవు అన్నాడు. అంతే. ఎందుకివ్వలేదని ఆ వకీలు అడగలేదు. ఉత్తరం ఆపే మనిషని చూపించాలనుకున్నాడు, చూపించాడు, కూర్చున్నాడు. మా పోస్టుమాను ఎక్కడో నోరు జారి ఉంటాడు, అది ప్రతివాది చెవిన పడి ఉంటుంది. ఊరందరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదన్నమాట. చదివి వినిపించగా సరి అని ఒప్పుకొన్నాడు అన్న ఆఖరి వాక్యానికి కూడా ఊఁ కొట్టి, సంతకం పెట్టి, ఎగ్జామినరు గారు తెప్పించిన టీ తాగకుండా ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత పదేళ్ళు నేను చచ్చిపోయిన మనిషి మీద కోపంతో బతికాను. ఉన్నవాళ్ళ మీద కోపమైతే నాలుగు మాటలు అని ఊరుకుంటాం. పోయినవాళ్ళ మీద కోపం ఎటూ పోదు, మనమే మోసుకు తిరగాలి. ఆబ్దికం రోజున ఆయన ఫోటోకి దండ వేస్తూ పళ్ళు కొరుక్కునేదాన్ని. అమ్మ అప్పటికి ఉంది, గుడివాడలో మా చెల్లెలి దగ్గర. నెలకోసారి వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. పెద్దదైపోయింది, ఎందుకులే బాధపెట్టడం అని మింగేసేదాన్ని. రెండేళ్ళ కిందట ఆవిడా వెళ్ళిపోయింది.

రిటైరయ్యాక ఆ కోపంతోనే నవల మొదలుపెట్టాను. అందులో నాన్న ఉత్తరం ఇచ్చేస్తాడు. ఆ అమ్మాయి విజయవాడ వెళ్తుంది, పెద్ద అనౌన్సరవుతుంది, ఊళ్ళన్నీ ఆమె గొంతు గుర్తుపడతాయి. ఆ తర్వాత నాన్న పోతాడు. పోయి, ఆమె చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్‌లోకి వచ్చి ఒకటే అడుగుతుంటాడు, "ఎలా ఉన్నావమ్మా?" అని. ఆమె ఏం చెబుతుందన్నది నూట నలభయ్యో పేజీ. అక్కడ ఆగింది బండి. బాగున్నాను నాన్నా అని రాస్తే నాకే నమ్మబుద్ధి కాదు. ఆవిడకి షిఫ్టులు, హాస్టలు గది, చల్లారిన అన్నం, గొంతు నొప్పి. ఎంత మార్చి రాసినా ఆవిడ కూడా సాయంత్రమయ్యేసరికి నాలాగే అలిసిపోయి కూర్చుంటోంది. అలిసిపోవడానికేనా ఇంత గొడవ చేసి పంపింది అని కాగితాలు విసిరికొట్టాను ఒకరోజు. ఆయన ఎందుకివ్వలేదో తెలిస్తే గానీ ఈ కథ కదలదనిపించింది.

పోయిన నెల బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. పెడన దాటాక రోడ్డు కుదుపులకి నడుం విరిగింది. చెల్లెలు వంటింట్లో కింద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. నేనూ పీట వేసుకుని నాలుగు కాయలు తీసుకున్నాను. అదీ ఇదీ మాట్లాడి, చివరికి ఆ సాక్ష్యం సంగతంతా చెప్పి, "నవల కోసం అడుగుతున్నానే, అమ్మ నీతో ఎప్పుడైనా ఏమైనా అందా?" అన్నాను.

"నవలకి కావాలా, నీకు కావాలా?" అంది.

"ఏడిశావులే, చెప్పు."

అది చేతిలో కాయ పక్కన పెట్టింది. "అంది అక్కా. పోయే ముందు ఏడాది చెప్పింది. నాన్న నిన్ను తీసుకెళ్ళింది ఉద్యోగం రాదనుకునేట. ఆడపిల్ల సరదా తీరుతుందని. ఉత్తరం వచ్చేసరికి అమ్మ ఒకటే ఏడుపు. పెళ్ళి కాని పిల్ల, ఊరు కాని ఊరు, ఒంటిగా ఎలా పంపుతారని కాళ్ళు పట్టుకుందట. అప్పుడు నాన్న అన్నాడట, 'నా అంతట నేను ఇవ్వను. కానీ అది అడిగిందా, ఇచ్చేస్తాను. రాలేదని మాత్రం చెప్పలేను' అని."

నేను ఇంకో కాయ తుంచాను.

"చేరడానికి ఇరవై రోజులు గడువట. ఇరవై రోజులూ చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగాడట. నువ్వు ఆయనకి అన్నం వడ్డిస్తుంటే అమ్మకి గుండె దడట, ఇప్పుడడుగుతావేమో, ఇప్పుడడుగుతావేమోనని. గడువు దాటాక తనే పొయ్యిలో పెట్టాడట."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇరవై రోజులు జేబులో పెట్టుకుని నా మొహం చూస్తూ అన్నం తిన్నాడా? నోరు పడిపోయిందా ఆయనకి? పెద్ద నిజాయితీపరుడు! వకీలు అడిగితే చెప్తాడు, కూతురికి చెప్పడా? ఇదంతా తెలిసి నువ్వూ మూడేళ్ళు నాకు చెప్పలేదు."

"నువ్వు అడిగితేగా" అంది అది. తర్వాత కొంచెం నెమ్మదిగా, "పోనీ, నువ్వెందుకు అడగలేదక్కా? ఇల్లే పోస్టాఫీసు. నాన్నా, నాకేమైనా వచ్చిందా? ఒక్క మాట. ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో ముసలమ్మలందరూ రోజూ అడిగిన మాటేగా."

దానికి నా దగ్గర జవాబు ఉంది. ఈ పదేళ్ళూ లోపల సిద్ధంగా పెట్టుకున్నదే. నమ్మకం. ఎవరి ఉత్తరమూ ఆపని మనిషి నాది ఆపుతాడని ఎందుకనుకుంటాను? అది చెబుదామనే నోరు తెరిచాను.

"వస్తే వెళ్ళాలి కదే" అన్నాను.

చెల్లెలు నా వైపు చూసింది. నా చెవులతో నేను విన్నాను ఆ మాట. ఎవరో సాక్షి చెప్పింది కాదు, నేను చెప్పిందే. నా చేతిలో గోరుచిక్కుడు అలాగే ఉండిపోయింది. చెల్లెలు చాటలో కాయలు దగ్గరికి లాక్కుని మళ్ళీ తుంచుకోవడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో అవనిగడ్డ నుంచి బస్సు పదకొండింటికి వచ్చేది. పోస్టుమాను సంచి తెచ్చి వసారాలో పెట్టేవాడు. నాన్న దాన్ని విప్పుతుంటే పక్కన కూర్చుని ఉత్తరాలు అందుకోవడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. విజయవాడ నుంచి తిరిగొచ్చాక మాత్రం బస్సు హారను వినపడగానే ఏ బిందో గిన్నో పట్టుకుని పెరట్లో నూతి దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. నాన్న ఉత్తరాలన్నీ సర్దుకుని ముద్రలు వేసేదాకా లోపలికి వచ్చేదాన్ని కాదు. పెరటి గుమ్మంలోంచి చూస్తే వసారా సూటిగా కనపడుతుంది. ఆయన ఒక్కోసారి ముద్ర వేయడం ఆపి నా వైపు చూస్తూ ఉండిపోయేవాడు. నేను తలెత్తకుండా, తోమిన బిందే మళ్ళీ తోముతూ ఉండేదాన్ని.